పేరు చెక్కని పునాదులు: విశాఖ తొలి సువార్త పరిచర్య చరిత్రలో తగ్గింపు, నేటి సంఘంలో ప్రచార సంస్కృతి

ఉపోద్ఘాతం

విశాఖపట్నంలో సీతమ్మధార కూడలి దగ్గర కాసేపు నిలబడితే ఏదో ఒక సువార్త మహాసభ ఫ్లెక్సీ కంటబడుతుంది. ప్రసంగీకుని చిత్రం నిలువెత్తున ఉంటుంది. పేరుకు ముందు రెండు మూడు బిరుదులు, పేరు తరువాత మరొకటి ఉంటాయి. స్థానిక సంఘకాపరుల ముఖాలు అడుగున తపాలా బిళ్ళలంత సైజులో వరుసగా ఉంటాయి. ఎవరి సువార్త ప్రకటింపబడుతుందో ఆ ప్రభువు నామం ఎక్కడుందో వెదకవలసి వస్తుంది. గోడమీది ఈ ప్రచారం ఇప్పుడు సెల్‌ఫోన్‌లోకి కూడా వచ్చింది. ప్రసంగం ఎందరి హృదయాలను తాకింది అనే ప్రశ్న పోయి, ఎందరు చూశారు అనే ప్రశ్న వచ్చింది.

దీనిని విమర్శించడం సులభం. మనలో చాలామందిమి విమర్శిస్తూనే మన సభకు కూడా ఫ్లెక్సీ కట్టిస్తాం. అందుచేత ఈ వ్యాసంలో నేటి సేవకులను తప్పుపట్టడం కంటే, ఇదే పట్టణంలో రెండు వందల ఏళ్ళ క్రితం మొదలైన పరిచర్య చరిత్రను పరిశీలించి, పేరు విషయంలోను, లెక్క విషయంలోను అది మనకేమి నేర్పుతుందో చూద్దాం. తగ్గింపు అనే మాటను మన సంఘాలలో ఒక్కోసారి తప్పుగా వాడిన సంగతిని కూడా దాచకుండా చెప్పుకుందాం.

1. 1805లో విశాఖ: ఫలితం చూడని విత్తనకారులు

తెలుగులోకి బైబిలును తర్జుమా చేసే పని విశాఖలోనే మొదలైందనుకోవడం పొరపాటు. జర్మనీ దేశస్థుడైన బెంజిమన్ షుల్జ్ మద్రాసులో పరిచర్య చేస్తూ 1732 నాటికే ఆ పని ముగించారు. అయితే ఆ బైబిలు అచ్చు కాలేదు. వ్రాతప్రతిగానే ఉండిపోయింది. మన భాషలో బైబిలు చరిత్ర ఆరంభమే అచ్చుకు నోచుకోని ఒక మనిషి శ్రమతో మొదలైందన్నది గమనార్హం.

లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు యువకులు 1805లో విశాఖ చేరారు. ఈస్టిండియా కంపెనీ తన ఓడలలో మిషనరీలను ఎక్కించుకొనేది కాదు. అందుచేత వారు డెన్మార్కు మీదుగా 1804 చివర తరంగంబాడిలో దిగి, అక్కడనుండి మద్రాసు మీదుగా ఇక్కడికి వచ్చారు. అప్పటి విశాఖ నేటి విశాఖ కాదు. ఓడరేవు ప్రారంభమైనది 1933లో. ఉక్కు కర్మాగారం ఇంకా ఎన్నో దశాబ్దాల తరువాతి మాట. సముద్రపు ఒడ్డున కోట, దానిని ఆనుకొని ఉన్న పేటలు, ఇదే పట్టణం. నేడు అపార్టుమెంట్లతో నిండిన సీతమ్మధార అప్పటికి ఊరి బయట కొండల కింది పల్లెపట్టు.

ఆ ఇద్దరూ భాష నేర్చుకున్నారు, పిల్లలకు పాఠశాల నడిపారు, సువార్తలను తెలుగులోకి తేవడానికి పూనుకున్నారు. క్రాన్ 1809 జనవరిలో శ్రీకాకుళంలో మరణించారు. డెస్ గ్రాంజెస్ 1810 జులైలో మరణించారు. అంటే వారి విశాఖ పరిచర్య ఒకరికి నాలుగేళ్ళు నిండలేదు, మరొకరికి ఐదేళ్ళు. మత్తయి, మార్కు, లూకా సువార్తల తెలుగు తర్జుమా 1812లో శ్రీరాంపూరులో అచ్చయింది. దానికోసం శ్రమించిన ఇద్దరిలో ఒక్కరూ ఆ పుస్తకాన్ని చేతిలో పట్టుకొని చూడలేదు.

వారి తరువాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్, జాన్ గోర్డన్ ఆ పనిని కొనసాగించారు. ప్రిచెట్ సిద్ధపరచిన క్రొత్త నిబంధన 1818 ప్రాంతంలో మద్రాసులో అచ్చయింది. గోర్డన్ పాత నిబంధన తర్జుమాకు పూనుకొని, పూర్తికాకముందే 1828లో మరణించారు. 1840లో వచ్చిన జాన్ హే, ఆయన సహచరుడు జాన్ వార్డ్‌లా మళ్ళీ ఆ పని చేపట్టారు. విశాఖ సంఘపు తెలుగు పాదిరి పులిపాక జగన్నాథం గారు వారికి తోడ్పడ్డారు. ఒకరు మొదలుపెట్టినది మరొకరు ముగించడం, ఆ ముగించినదానిని ఇంకొకరు సవరించడం ఈ చరిత్ర పొడవునా కనబడుతుంది. తన పేరుమీద ఒక పూర్తి కార్యం ఉండాలని పట్టుబట్టినవారు ఇలాంటి పనిలో నిలబడలేరు.

ఇక మారుమనస్సు పొందినవారి లెక్క చూస్తే, మొదటి మూడు దశాబ్దాలలో విశాఖలో చెప్పుకోదగిన స్థానిక సంఘం ఏర్పడలేదు. నేటి కొలమానంతో చూస్తే అది విఫలమైన పరిచర్య. నెలనెలా నివేదికలో సంఖ్య అడిగే సంస్థ ఏదైనా దానికి సహాయం ఆపివేసి ఉండేది. కాని తరువాతి వంద సంవత్సరాలలో ఉత్తరాంధ్రలో ఏ మిషను పనిచేసినా వారి చేతిలో ఉన్న తెలుగు వాక్యం వెనుక ఈ విఫలమైన పరిచర్య ఉంది. విత్తువాడొకడు, కోయువాడొకడు అని ప్రభువు శిష్యులతో చెప్పిన మాటకు (యోహాను 4వ అధ్యాయం) మన ప్రాంతంలో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

2. ఆనందరాయరు: లెక్కతో విసిగిన మనిషి

ఆ తొలి తర్జుమాలో డెస్ గ్రాంజెస్ గారికి కుడిభుజంగా పనిచేసినవారు ఆనందరాయరు. ఆయన మరాఠా బ్రాహ్మణుడు. టిప్పు సుల్తాను సైన్యంలో ఒక దళానికి లెక్కలు వ్రాసే ఉద్యోగం చేశారు. టిప్పు మరణించిన తరువాత ఒక ఇంగ్లీషు అధికారి దగ్గర అదే పనిలో చేరారు. మోక్షాన్ని గూర్చి ఆయనకు తీవ్రమైన ఆసక్తి ఉండేది. ఒక పెద్దాయన సలహామీద ఒక మంత్రాన్ని 4 లక్షలసార్లు జపించడానికి పూనుకొని, గుడిలో ఉండి ఆ సంఖ్యను దాటేవరకు జపించారు. ఆరు నెలలు గడిచినా మనసుకు నెమ్మది దొరకలేదు. నొస్సంలోని తన ఇంటికి తిరిగి వెళ్తుండగా దారిలో ఒక రోమన్ కథోలిక క్రైస్తవుడు కలిసి, తెలుగులో ఉన్న రెండు క్రైస్తవ గ్రంథాలు చదవమని ఇచ్చాడు. అక్కడనుండి ఆయన అన్వేషణ క్రీస్తువైపు తిరిగింది. తరువాత తరంగంబాడిలోని లూథరన్ మిషనరీల దగ్గర ఉపదేశం పొంది, విశాఖ చేరి తర్జుమా పనిలో కలిశారు.

ఈ కథను హిందూ సాధనను చులకన చేయడానికి చెప్పడం లేదు. వృత్తిరీత్యా లెక్కలు వ్రాసిన మనిషి, ఆత్మీయ విషయంలో కూడా లెక్కనే నమ్ముకొని, అది పూర్తయ్యాక చేతులు ఖాళీగా ఉన్నాయని ఒప్పుకున్నారు. మనం విడిచిపెట్టామనుకున్న ఆ లెక్కను వేరే రూపంలో మళ్ళీ తెచ్చుకున్నామా అన్నది మన ప్రశ్న. ఇన్ని గంటల ప్రార్థన, ఇన్ని దినాల ఉపవాసం, ఇన్ని వేలమంది హాజరు, ఇన్ని లక్షలమంది వీక్షకులు అని ప్రకటించినప్పుడు మనం ఆశ్రయిస్తున్నది కృపనా, సంఖ్యనా?

ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. ఆ కాలంలో కూడా ప్రచారం ఉంది. ఆనందరాయరు క్రైస్తవుడైన వృత్తాంతాన్ని మిషను పత్రికలు ఇంగ్లండులో ఆసక్తిగా ప్రచురించాయి. 1811లో క్లాడియస్ బుకానన్ వెలువరించిన ప్రసిద్ధ గ్రంథంలోను ఆయన ప్రస్తావన ఉంది. ఒక బ్రాహ్మణుడు క్రైస్తవుడయ్యాడన్న వార్త చందాలు ఇచ్చేవారిని ఉత్సాహపరచింది. కాబట్టి పూర్వీకులందరూ తగ్గింపుగలవారు, మనమే చెడిపోయాం అనే మాట చరిత్రకు నిలవదు. ఆడంబరమనే శోధన ప్రతి తరంలోను ఉంది. మూడవ యోహాను పత్రికలో ప్రధానత్వాన్ని కోరిన దియొత్రెఫే మొదటి శతాబ్దపువాడే గదా.

3. విశాఖ నుండి ఒంగోలుకు: బాప్తిస్మం ఆపిన కాపరి

లెక్క విషయంలో మన సంఘచరిత్రలో అతిపెద్ద పరీక్ష విశాఖలో కాక ఒంగోలులో జరిగింది. ఆ మిషనుకు కూడా తొలి అడుగు విశాఖలోనే పడింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో మొదట విశాఖకే వచ్చి, శ్రీకాకుళం, మద్రాసుల మీదుగా 1840లో నెల్లూరు చేరారు. అక్కడ చాలా ఏళ్ళపాటు ఫలితం స్వల్పం. ఆ మిషనును మూసివేయాలా వద్దా అని అమెరికాలో ఒకటికంటె ఎక్కువసార్లు చర్చ జరిగింది. 1853లో జరిగిన చర్చలో దానిని ఒంటరి నక్షత్రంతో పోల్చారు. ఆ మరుసటి ఏడు, 1854 జనవరి 1న, లైమన్ జూవెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలులో ఒక కొండమీద ప్రార్థించారు. మొత్తం ఐదుగురు. నేటికీ దానిని ప్రార్థన కొండ అంటారు.

జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. అయితే ఆయనకు ముందే అక్కడి మాదిగ పల్లెలకు సువార్తను మోసుకొచ్చిన వ్యక్తి యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్ళి అక్కడ క్రీస్తును గూర్చి విని, తిరిగి వచ్చి తన బంధువులకు చెప్పారు. తరువాత లక్షలుగా పెరిగిన సంఘానికి మొదటి సాక్షి ఒక తోలుపనివాడు.

1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. ఆకలితో ఉన్నవారికి పని దొరకాలని క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. వేలమంది ఆ పనిలో కూలి తిన్నారు. తెలుగు బోధకులు వారి మధ్యనే పనిచేస్తూ, సాయంకాలాల్లో సువార్త చెప్పారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడగసాగారు. ఆ సమయంలో క్లౌ చేసినది నేటి సేవకులు ఆగి ఆలోచించవలసిన సంగతి. ఆయన దాదాపు 15 నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నంకోసం వచ్చినవారు, ప్రభువుకోసం వచ్చినవారు కలిసిపోకూడదన్నది కారణం. కరువు సహాయం ముగిసి, ఇక ఇవ్వడానికి తనవద్ద ఏమీ లేదని చెప్పిన తరువాతనే 1878 జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టారు.

ఆ తరువాత జరిగింది అందరికీ తెలుసు. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య ప్రపంచమంతా ప్రసిద్ధమైంది. కాని ఆ సంఖ్య వెనుక రెండు సంగతులు మరుగునపడ్డాయి. మొదటిది, సంఖ్యను పెంచుకొనే అవకాశం చేతిలో ఉండగా దానిని వదులుకున్న ఆ 15 నెలలు. నివేదికలో ఆ నెలలకు ఎదురుగా సున్నా ఉంటుంది. రెండవది, ఆ రోజు నీటిలో నిలబడి, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. 2,222 అనే సంఖ్య కంఠతా వచ్చిన మన విద్యార్థులలో ఆ ఆరుగురి పేర్లు చెప్పగలవారు ఎందరు?

లెక్క వ్రాయడమే పాపమని ఇక్కడ మన ఉద్దేశం కాదు. అపొస్తలుల కార్యముల గ్రంథం కూడా మూడువేలు, ఐదువేలు అని వ్రాసింది. దావీదు జనసంఖ్య తీయించినప్పుడు (2 సమూయేలు 24) తప్పు అంకెలలో కాక, ఆ అంకెలతో ఏమి చెప్పుకోవాలనుకున్నాడో దానిలో ఉంది. దేవుడు చేసినది చెప్పుకొనే సంఖ్య సాక్ష్యం. నేను చేసినది చూపించుకొనే సంఖ్య ప్రకటన. రెండింటిలో అంకె ఒకటే కావచ్చు. సంఖ్య లేకుండా ఆగగలిగిన కాపరి నోటనే ఆ సంఖ్య సాక్ష్యమవుతుంది.

4. తగ్గించుకొనుట వేరు, తగ్గింపబడుట వేరు

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనది. తగ్గింపును గూర్చి మన సంఘాలలో ఎవరు ఎవరికి బోధిస్తున్నారు? తరతరాలుగా ఊరి బయట నిలబెట్టబడినవారికి తగ్గింపు నేర్పనక్కరలేదు. లోకం వారికి దానిని బలవంతంగా నేర్పింది. పల్లె సంఘాల బోధకుల శ్రమ మిషనరీ పేరుమీద నివేదికకెక్కింది. బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి చేసిన పరిచర్యకు చాలాచోట్ల పేరే మిగలలేదు. ఆనందరాయరు శ్రమ కలిసిన తర్జుమాను చరిత్రకారులు డెస్ గ్రాంజెస్ తర్జుమాగానే పేర్కొంటూ వచ్చారు. ఇలాంటి మరుగును తగ్గింపు అనడానికి లేదు. అది వారు ఎంచుకొన్నది కాదు, వారిమీద పడినది.

ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయంలో పౌలు క్రీస్తును చూపించిన తీరు ఈ తేడాను స్పష్టం చేస్తుంది. క్రీస్తు దేవుని స్వరూపము కలిగినవాడు. తనకున్నదానిని పట్టుకొని వేలాడక తన్నుతాను రిక్తునిగా చేసికొన్నాడు. అక్కడ క్రియ ఆయనదే. ఉన్నదానిని ఇష్టపూర్వకంగా విడుచుకోవడం అది. కాబట్టి తగ్గింపు మొట్టమొదట మైకు చేతిలో ఉన్నవారికి, వేదిక ఉన్నవారికి, ఫ్లెక్సీమీద పెద్ద చిత్రం ఉన్నవారికి చెప్పవలసిన బోధ. అధికారంలో ఉన్నవారు తమకు వర్తింపజేసికొనక కిందివారికి బోధించే తగ్గింపు సువార్త కాదు.

దీనినుండి చరిత్రకారుని బాధ్యత కూడా తేలుతుంది. తన పేరు వెనుకకు జరిపేవాడు ఇతరుల పేర్లను ముందుకు తేవాలి. ఒంగోలు విషయంలో ఆ పని కొంతవరకు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ చేశారు. 1899లో ఆమె ప్రచురించిన వైల్ సోయింగ్ శాండల్స్ అనే పుస్తకంలో మాదిగ విశ్వాసుల, బోధకుల జీవిత కథలను సేకరించి వ్రాశారు. పేరయ్యను గూర్చి నేడు మనకు వివరంగా తెలియడానికి అది ఒక కారణం. రోమా పత్రిక 16వ అధ్యాయంలో పౌలు కూడా ఇదే చేశాడు. తనను గూర్చి గొప్పలు చెప్పుకోవడానికి సిగ్గుపడిన ఆ అపొస్తలుడు ఫీబే మొదలుకొని తన సహకారుల పేర్లను మాత్రం ఒక్కొక్కటిగా వ్రాయించాడు.

5. నేటి కాపరికి

తగ్గింపు అంటే సభ జరుగుతుందని ఎవరికీ చెప్పకపోవడం కాదు. కూడిక సమయం, స్థలం తెలియజేయడం అవసరం. దీపం కుంచము క్రింద పెట్టమని ప్రభువు చెప్పలేదు. అయితే కొండమీది ప్రసంగంలోనే, ధర్మము చేయునప్పుడు బూర ఊదించుకొనేవారిని గూర్చి కూడా హెచ్చరించాడు. మనుష్యులు చూచి మహిమపరచవలసినది ఎవరిని అన్నదే ఈ రెంటి మధ్య తేడా.

శ్రీరాంపూరు మిషనరీ విలియం కేరీ 1834లో మరణించినప్పుడు ఆయన సమాధి రాతిమీద ఏమి వ్రాయాలో తానే వ్రాసిపెట్టారు. పేరు, పుట్టిన తేదీ, మరణించిన తేదీ, తన అయోగ్యతను ఒప్పుకొనే ఒక కీర్తనలోని రెండు పాదాలు. ఎన్నో భాషల్లోకి వాక్యాన్ని తెచ్చిన మనిషి ఆ భాషల జాబితా అక్కడ చెక్కించుకోలేదు. నేడు మన కరపత్రంలో పేరుకు ముందున్న మాటలను దానిపక్కన పెట్టి చూసుకుంటే చాలు.

ఈ చరిత్ర వెలుగులో ప్రతి సేవకుడు తన్నుతాను అడుగుకోదగిన కొన్ని ప్రశ్నలున్నాయి. నేను మొదలుపెట్టిన పనిని మరొకరు ముగించి పేరు పొందితే సంతోషించగలనా? ఒక సంవత్సరం నివేదికలో సున్నా వ్రాయడానికి ధైర్యముందా? నా ప్రసంగంలో చెప్పే సాక్ష్యంలో నేను ఎన్నిసార్లు కథానాయకుడనవుతున్నాను? నా పరిచర్యలో చాప పరచినవారు, వంట చేసినవారు, పల్లెలో ముందుగా వెళ్ళి మాట్లాడినవారు, వీరి పేర్లు సంఘపు పుస్తకంలో ఎక్కడైనా ఉన్నాయా?

చివరి ప్రశ్నకు సెమినరీ విద్యార్థులు ఒక పనితో జవాబివ్వవచ్చు. ప్రతి విద్యార్థి తన స్వంత సంఘానికి వెళ్ళి, పాత బాప్తిస్మపు రిజిస్టరు తెరిచి, వృద్ధులను అడిగి, ఆ ఊరిలో మొదట విశ్వసించినవారి పేర్లు, మొదట వాక్యం చెప్పిన తెలుగువారి పేర్లు వ్రాసుకొని రావాలి. పెద్దలు దాటిపోతున్నారు, రిజిస్టర్లు చెదలు పడుతున్నాయి. ఇది ఆలస్యం చేయదగిన పని కాదు.

ముగింపు

సీతమ్మధార కూడలిలో ఈ నెల కట్టిన ఫ్లెక్సీ వచ్చే నెలకు ఉండదు. దానిమీదే మరొకటి కడతారు. 1805లో ఇదే పట్టణంలో ఇద్దరు యువకులు, ఆపైన వారితో కలిసిన ఒక మాజీ లెక్కల గుమాస్తా, పంక్తి వెంబడి పంక్తి సువార్తను తెలుగు చేస్తున్నప్పుడు వారిని చూడడానికి గుంపులు రాలేదు. ఆ పుస్తకం బయటికి వచ్చేసరికి వారిలో ఇద్దరు మట్టిలో ఉన్నారు. ఆదివారం ఉదయం మన సంఘంలో ఒక ముసలమ్మ కళ్ళద్దాలు సరిచేసుకొని లూకా సువార్త తెరిచినప్పుడు, ఆమెకు వారి పేర్లు తెలియవు. వారు పనిచేసినది ఆమె ఆ పుస్తకం తెరవాలనే. యోహాను సువార్త 3వ అధ్యాయంలో, తన శిష్యులు తనను విడిచి యేసువైపు వెళ్తుంటే బాప్తిస్మమిచ్చు యోహాను తన సంతోషము పరిపూర్ణమైనదని చెప్పాడు. పరిచర్యలో మన సంతోషం ఎక్కడుందో తెలిసికొనడానికి ఆ అధ్యాయాన్ని మళ్ళీ ఒకసారి మోకాళ్ళమీద చదువుదాం.